ఆపద వేళ దూరానికి రేడియో మాట: నల్లగొండ, పాలమూరు వాలంటీర్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

మిర్యాలగూడలో చెప్పిందే అచ్చంపేటలో, అచ్చంపేటలో చెప్పిందే గద్వాలలో చెప్పీ చెప్పీ గొంతు పోతోంది. సివిల్ డిఫెన్స్ (పౌర రక్షణ) వాలంటీర్లకు ఇచ్చే 'సెక్యూర్ (భద్రమైన) రేడియో' శిక్షణ అయిపోయి టీ గ్లాసులు చేతికొచ్చాక అందరూ అడిగేది దాదాపు ఇవే. అందుకే రాసి పెట్టాను. మొదటి నుంచి చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడ ఆగండి. ఫీజులు, రూల్స్ మారుతుంటాయి కాబట్టి అప్లికేషన్ పెట్టే రోజు టెలికాం శాఖ వారి సరళ్ సంచార్ పోర్టల్‌లో ఒకసారి చూసుకోండి.

## మొదలుపెట్టే ముందు

అందరి చేతిలో సెల్‌ఫోన్ ఉంది కదా, ఈ రోజుల్లో రేడియో ఎందుకు సార్?

ఫోన్ పనిచేసినంత సేపు ఫోనే వాడండి. 112 ఉంది, జిల్లా కంట్రోల్ రూమ్ 1077 ఉంది. రేడియో గురించి ఆలోచించాల్సింది అవి మూగబోయినప్పుడు. టవర్‌కు కరెంటు పోతే బ్యాటరీ మీద కొన్ని గంటలు నడుస్తుంది, తర్వాత జనరేటర్‌కు డీజిల్ పోయాలి. ఆ డీజిల్ తెచ్చే రోడ్డే కొట్టుకుపోతే? 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలకు కోదాడలో వీధులు వాగులయ్యాయి, నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. అలాంటి రోజున టవర్ నిలబడి ఉన్నా, దాని కింద నేలలో పోయే ఫైబర్ తెగితే చాలు. ఫోన్‌లో గీతలు కనపడతాయి, కాల్ మాత్రం పోదు. ఇక అందరూ ఒక్కసారే ఫోన్ చేస్తే జామ్ కావడం మనకు కొత్త కాదు.

నల్లమల సంగతి వేరు. మన్ననూరు దాటి శ్రీశైలం దారిలో వెళ్తుంటే మామూలు రోజుల్లోనే చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడి వాళ్లకు ఈ ప్రశ్నే రాదు.

సివిల్ డిఫెన్స్ అంటే యుద్ధం వచ్చినప్పుడే కదా?

1968లో చట్టం చేసినప్పుడు అదే ఉద్దేశం: శత్రువు దాడి, సైరన్, లైట్లు ఆర్పడం. 2009 సవరణతో విపత్తులు కూడా అందులోకి వచ్చాయి. వరద, అగ్నిప్రమాదం, భూకంపం అన్నీ. 2025 మే 7న దేశమంతటా జరిగిన మాక్ డ్రిల్ మన రాష్ట్రంలో హైదరాబాద్‌లో జరిగింది. టీవీలో చూసి ఫోన్ చేసినవాళ్లలో సగం మంది అడిగింది "మన దగ్గర బాంబులు పడతాయా" అని. నా జవాబు ఒకటే. పడతాయో లేదో నాకు తెలియదు గానీ కృష్ణ, మూసీ, డిండి మాత్రం పొంగుతాయి. 2009 అక్టోబరు మొదట్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది, అలంపూర్ మునిగింది.

ఇది నిజంగా ఎక్కడైనా పనికొచ్చిందా, లేక మీ హాబీయా?

నాకు హాబీ కూడా, దాచేదేం లేదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. వెళ్లింది వేరే పనికి. అండమాన్ నుంచి ప్రపంచంలోని హ్యామ్‌లతో (లైసెన్సు తీసుకుని సొంత రేడియో నడిపే ఔత్సాహికులతో) మాట్లాడే అరుదైన అనుమతి దొరికితే సెట్టు పట్టుకుని వెళ్లారు. అలలు వచ్చాక ఆ సెట్టే ద్వీపాల నుంచి బయటి ఊళ్లకు కబురు మోసింది. ఈ ఇన్‌స్టిట్యూట్ 1983లో మన హైదరాబాద్‌లో పుట్టింది. 2001 భుజ్ భూకంపంలోనూ వీళ్లు పనిచేశారు.

నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్‌కు, గద్వాల నుంచి నల్లగొండకు నేరుగా మాట అందుతుందా?

అందుతుంది. కానీ ఏ రేడియోతో అన్నదే అసలు విషయం. ఎక్కువ మంది తికమక పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చెప్తాను.

చేతి సెట్లలో ఉండేది వీహెచ్‌ఎఫ్. దాని తరంగం కంటి చూపులా నేరుగా పోతుంది, గుట్ట అడ్డొస్తే ఆగిపోతుంది. నేల మీద నిలబడ్డ ఇద్దరి మధ్య రెండు మూడు కిలోమీటర్లు, మైదానంలో ఇంకొంచెం. నల్లగొండ పట్టణమే చూడండి, ఒక పక్క లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇంకో పక్క కాపురాల గుట్ట. గుట్ట వెనకాల ఉన్నవాడికి మీ మాట అందదు. అదే మనిషి గుట్ట ఎక్కితే కథ మారిపోతుంది. భువనగిరి కోట బండ చుట్టూ ఉన్న నేలకన్నా దాదాపు 500 అడుగుల ఎత్తు. లెక్క ప్రకారం అంత ఎత్తు నుంచి 45 కిలోమీటర్ల దాకా చూపు సాగుతుంది, వీహెచ్‌ఎఫ్ మాట ఇంకొంచెం ఎక్కువ, 50 దాకా.

వంద, రెండు వందల కిలోమీటర్లకు కావాల్సింది హెచ్‌ఎఫ్. మనవాళ్లు షార్ట్‌వేవ్ అనేది ఇదే. భూమికి 250–350 కిలోమీటర్ల పైన గాలి విద్యుదావేశంతో పొరలా ఉంటుంది. 7 మెగాహెర్ట్జ్ తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపితే ఆ పొరకు తగిలి గొడుగులా చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర కిందికి రాలుతుంది. మధ్యలో గుట్టలు, అడవి, లోయ ఏమున్నా దానికి పట్టదు, ఎందుకంటే అది వచ్చేది నెత్తి మీద నుంచి. అమ్రాబాద్ లోయలో కూర్చున్నవాడికీ, నల్లగొండ కలెక్టరేట్ మిద్దె మీద ఉన్నవాడికీ ఒకేలా పడుతుంది. మన నాలుగైదు జిల్లాలకు ఇంతకన్నా సరిపోయే పద్ధతి నాకు కనపడలేదు.

పగలు బాగా వినపడ్డ స్టేషన్ రాత్రికి మాయమవుతోంది. సెట్టు పాడైందా?

సెట్టు బాగానే ఉంది, పైన పొర పలచబడింది. పొద్దుగూకాక నిలువుగా వెళ్లిన 7 మెగాహెర్ట్జ్ తిరిగి రాకుండా పైకే పోతుంది. దగ్గరి ఊరు వినపడదు, ఢిల్లీ వినపడుతుంది. అప్పుడు 3.5 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు దిగాలి. మనం భూ అయస్కాంత మధ్యరేఖకు కాస్త దగ్గర్లోనే ఉన్నాం, అది తమిళనాడు దక్షిణ కొస మీదుగా పోతుంది. అందుకని సాయంత్రం ఏడు నుంచి అర్ధరాత్రి లోపు, ముఖ్యంగా మార్చి–ఏప్రిల్, సెప్టెంబర్–అక్టోబర్ నెలల్లో, గొంతు ఫ్యాన్ ముందు మాట్లాడినట్టు వణుకుతుంది. కంగారు పడొద్దు, నెమ్మదిగా రెండుసార్లు చెప్పండి. సూర్యుడి మీద పెద్ద జ్వాల లేస్తే పగటిపూట హెచ్‌ఎఫ్ మొత్తం కాసేపు మూగబోతుంది. దానికి చేయగలిగింది ఏమీ లేదు, ఆగి మళ్లీ పిలవడమే.

## లైసెన్సు, సెట్టు

ఆన్‌లైన్‌లో రెండు వేలకు వాకీటాకీ కొన్నాను. వాడితే కేసు అవుతుందా?

లైసెన్సు లేకుండా వాడితే తప్పే. అమ్మే సైట్‌లో ఉంది కాబట్టి చెల్లుతుందనుకోవద్దు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలా వాకీటాకీలు అమ్ముతున్న ఈ-కామర్స్ కంపెనీలకు నోటీసులు ఇచ్చింది కూడా. ఆ చౌక సెట్లలో చాలావాటికి ఏ ఫ్రీక్వెన్సీ మీదకైనా పోయే గుణం ఉంది. తెలియక నొక్కితే పోలీసుల చానల్ మీద మీ పిల్లల ఆట వినపడుతుంది.

లైసెన్సు అక్కర్లేనివి కొన్ని ఉన్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అర వాట్ చిన్న సెట్లు ఒకటి, 27 మెగాహెర్ట్జ్ సిటిజన్ బ్యాండ్‌లో 5 వాట్ల లోపువి ఇంకోటి. ప్రభుత్వ ఆమోదం ఉన్న మోడలేనా అని చూసి కొనండి. పునరావాస శిబిరంలో వంటశాలకూ గేటుకూ మధ్య మాట్లాడుకోవడానికి ఇవి చాలు. ఊరు దాటవు.

హ్యామ్ లైసెన్సు ఎట్లా తీసుకోవాలి? టకటక మోర్స్ నేర్చుకోవాలా?

12 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా రాయొచ్చు. రెండు రకాలున్నాయి. రిస్ట్రిక్టెడ్‌కు మోర్స్ (చుక్కలు, గీతల సంకేతాలు) అక్కర్లేదు, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ (స్టేషన్‌కు ఇచ్చే గుర్తు పేరు) వస్తుంది. జనరల్‌కు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ రావాలి, కాల్‌సైన్ వీయూ2. పరీక్షలో కొంత ఎలక్ట్రానిక్స్, కొంత రూల్స్. ఇంటర్ సైన్స్ చదివినవాళ్లకు నెల చాలు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పిల్లలు ఇంకా త్వరగా పట్టుకుంటారు, నేను చూశాను. పరీక్ష కన్నా ఆ తర్వాత లైసెన్సు చేతికి రావడానికే ఎక్కువ ఓపిక కావాలి. వానాకాలానికి రెడీగా ఉండాలంటే ముందు ఏడాది దసరాకే అప్లికేషన్ పెట్టండి.

శాటిలైట్ ఫోన్ ఒకటి కొనుక్కుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ దగ్గర పెట్టుకోవడమే నేరం. దుబాయ్ నుంచి బంధువులు తెచ్చింది అసలు వద్దు, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. బీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా అనుమతితో దొరికేవి ఉన్నాయి, అవి ఆఫీసులకు పనికొస్తాయి. వాలంటీర్ల దారి అది కాదు.

సెట్టు ఖరీదు చూసి కళ్లు తిరుగుతున్నాయి. చౌకగా మార్గం లేదా?

ఉంది. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ గారు రూపొందించిన బిట్‌ఎక్స్ అనే సెట్టు డిజైన్ ప్రపంచమంతా తిరిగింది. బోర్డు తెచ్చుకుని మనమే డబ్బాలో బిగించుకోవచ్చు. పవర్ పది వాట్ల లోపే గానీ, మంచి యాంటెన్నాతో నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు పగటిపూట సాఫీగా మాట పోతుంది. మా దగ్గర ఒకటి స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించి ఉంది. మూత తీసి చూపించగానే పిల్లల భయం సగం పోతుంది. నలుగురు కలిసి ఒక పెద్ద సెట్టు కొని ఒకరింట్లో దాచడం కన్నా, నలుగురూ తలా ఒక చిన్న సెట్టు చేసుకోవడం మేలని నా అభిప్రాయం.

## యాంటెన్నా, బ్యాటరీ, గరగర

ఇంటి మీద టవర్ వేయాలా?

అక్కర్లేదు. రెండు ముక్కల రాగి తీగ, మధ్యలో కేబుల్. 7.1 మెగాహెర్ట్జ్‌కు ఒక్కో ముక్క 33 అడుగులు. ముందు 34 అడుగులు కోసి, యాంటెన్నా కుదిరిందో లేదో చూపే మీటరు చూస్తూ కొంచెం కొంచెం కత్తిరించండి. కోసిన తీగను అతకడం కన్నా ఉన్నదాన్ని కోయడం తేలిక. 3.6కు ఒక్కోటి 65 అడుగులు. మధ్య భాగాన్ని ఇరవై అడుగుల వెదురు గడకు కట్టి, రెండు కొసలు ఒకదాన్ని వేపచెట్టుకు, ఇంకోదాన్ని పశువుల కొట్టం గుంజకు కట్టేయొచ్చు. కొసలు చేతికి అందేంత కిందికి రానీయొద్దు, మాట్లాడేటప్పుడు తగిలితే చర్మం కాలుతుంది.

ఎత్తు పెంచితే బాగుంటుందని చాలామంది గుట్ట మీద కడతామంటారు. చుట్టుపక్కల జిల్లాలతో మాట్లాడాలంటే హెచ్‌ఎఫ్‌కు పెద్ద ఎత్తు అక్కర్లేదు, పదిహేను అడుగులున్నా నిలువుగానే పైకి పోతుంది. గుట్ట కావాల్సింది వీహెచ్‌ఎఫ్‌కు.

ఒక్క హెచ్చరిక. కరెంటు లైను కింద గానీ, పైన గానీ, పక్కన పడేంత దగ్గర్లో గానీ తీగ లాగొద్దు. రాయి కట్టి చెట్టు మీదకు విసిరే ముందు అవతల ఏముందో చూడండి.

బోరు మోటార్ నడుస్తుంటే ఏమీ వినపడటం లేదు, ఏం చేయాలి?

మోటారు స్టార్టర్లు, చౌక ఎల్‌ఈడీ బల్బులు, సోలార్ ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్ మీద పగిలిన పింగాణీ: వీటన్నిటికీ హెచ్‌ఎఫ్ అంటే పడదు. ఇంటి మెయిన్ ఆపి సెట్టును బ్యాటరీ మీద పెట్టి వినండి. గరగర పోతే దోషం మీ ఇంట్లోనే, ఒక్కో స్విచ్ వేస్తూ వెతకండి. పోకపోతే బయటిది. యాంటెన్నాను ఇంటికి దూరంగా, పొలం గట్టు వైపు జరపండి. తుఫాను రోజున ఊరంతా కరెంటు పోయినప్పుడు బ్యాండ్ ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో వింటే ఆశ్చర్యపోతారు.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది? ట్రాక్టర్ బ్యాటరీ వాడొచ్చా?

వంద వాట్ల సెట్టు వినడానికి సుమారు ఒక ఆంపియర్ తీసుకుంటుంది, పూర్తి పవర్‌తో మాట్లాడితే ఇరవై దాకా లాగుతుంది. పవర్‌ను 25 వాట్లకు దించండి. అవతలివాడి మీటరు మీద తేడా ఒక్క గీతే, మీ బ్యాటరీకి మాత్రం సగానికి పైగా ఆదా. గంటకు పది నిమిషాలు మాట్లాడి మిగతా సేపు వింటే 40 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ దాదాపు ఇరవై గంటలు వస్తుంది. ట్రాక్టర్ బ్యాటరీ బ్రహ్మాండంగా వాడొచ్చు, కాకపోతే సగానికి మించి ఖాళీ చేయొద్దు, తెల్లారి ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే మిమ్మల్నే అంటారు. ప్లస్, మైనస్ తిప్పి కలిపితే సెట్టు పోతుంది. టెన్షన్‌లో జరిగే తప్పు ఇదే, అందుకే తీగలకు ఎర్ర, నల్ల టేపు ఇప్పుడే చుట్టండి. వంద వాట్ల సోలార్ పలక మంచి ఎండలో రోజుకు పాతిక ఆంపియర్-అవర్ దాకా ఇస్తుంది. వరద వచ్చే రోజున ఎండ ఉండదని మర్చిపోవద్దు.

ఉరుములు వస్తుంటే మాట్లాడొచ్చా?

వద్దు. యాంటెన్నా కేబుల్ సెట్టు నుంచి పీకి కిటికీ బయట పడేయండి. ఉరుము వెళ్లాకే మళ్లీ పెట్టండి.

## రహస్యం, భద్రత

మా మాటలు ఎవరైనా వినగలరా? కోడ్ భాష పెట్టుకుందామా?

ఎవరైనా వినగలరు. పక్క ఊరివాడు, పక్క రాష్ట్రంవాడు, హెచ్‌ఎఫ్‌లో అయితే పక్క దేశంవాడు కూడా. కోడ్ భాష మాత్రం కుదరదు. అర్థం దాచడానికి సంకేత భాష వాడకూడదన్నది హ్యామ్ రేడియోలో అంతర్జాతీయంగానే ఉన్న నియమం. మామూలు మాటల్లోనే మాట్లాడాలి.

"మరి సెక్యూర్ అని శిక్షణ పేరులో ఎందుకు పెట్టారు?" అని జడ్చర్లలో ఒకాయన నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. నా లెక్కలో వరద రోజున భద్రత అంటే ఎవరికీ వినపడకపోవడం కాదు. పంపిన మాట పంపినట్టే చేరాలి, పంపింది ఎవరో తెలియాలి, వేరేవాడు మన పేరుతో దూరకూడదు. ఎక్కడి చెరువు నిండిందో నలుగురు విన్నా నష్టం లేదు, నిజానికి మంచిదే. చెరువు నిండిందన్న మాట తెగిందని చేరితేనే నష్టం.

తాళం వేసిన రేడియోలు ఉంటాయంటారు కదా, అవి మనకు దొరకవా?

పోలీసులకు, సైన్యానికి ఎన్‌క్రిప్షన్ (బయటివాళ్లకు అర్థం కాకుండా మాటకు వేసే తాళం) ఉన్న డిజిటల్ వైర్‌లెస్ వేరుగా ఉంటుంది. దాచాల్సిన మాట దాని మీదే పోవాలి. మన పని ఆ కాగితాన్ని దగ్గరున్న పోలీస్ స్టేషన్‌కు మోయడం, అవసరమైతే బైక్ మీద.

వాలంటీర్లకు చట్టబద్ధంగా తెరిచి ఉన్న ఒక దారి 865 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే లోరా పరికరాలు. అరచేతిలో పట్టే డబ్బా, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిపి అక్షరాలు పంపడమే, గొంతు పోదు. ఆ బ్యాండ్‌కు నిర్ణీత పవర్ లోపల లైసెన్సు అక్కర్లేదు, హ్యామ్ నియమాలు వర్తించవు, కాబట్టి సందేశానికి తాళం వేసుకోవచ్చు. మెష్‌టాస్టిక్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కువగా వాడతారు. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. డబ్బా విప్పగానే అందులో ఉండే తాళంచెవి ప్రపంచంలో అందరి దగ్గరా ఉండేదే. తాళం బొమ్మ కనపడుతుంది కాబట్టి భద్రమనుకుంటారు. మీ బృందానికి సొంత చానల్ పెట్టి, కొత్త చెవి తయారుచేసి, ఎదురెదురుగా కూర్చుని క్యూఆర్ స్కాన్ చేసి పంచుకోండి, వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఒక డబ్బా పోతే ఆ రోజే అందరి చెవీ మార్చాలి. దూరం సంగతికొస్తే గుట్ట నుంచి గుట్టకు పదుల కిలోమీటర్లు, ఊళ్లో ఇళ్ల మధ్య ఒకటి రెండు.

చనిపోయినవాళ్ల వివరాలు, ఫోన్ నంబర్లు రేడియోలో చదవాలా?

చదవొద్దు. తల్లికి కొడుకు కబురు రేడియోలో ఎవరో విని చెప్తే తెలియకూడదు. సంఖ్య చెప్పండి, స్థలం చెప్పండి. పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు కాగితం మీదే అధికారికి చేర్చండి. ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇల్లు, బియ్యం నిల్వలు దించిన గోడౌన్, డబ్బు తీసుకొచ్చే బండి కూడా గాల్లో చెప్పకూడని వాటిలోకే వస్తాయి. ఒక్క మినహాయింపు: ప్రాణం నిలబెట్టడానికి పేరు తప్పనిసరైతే చెప్పేయండి.

ఎవరో కావాలని తప్పుడు కబురు పంపితే ఎట్లా కనిపెట్టాలి?

కాల్‌సైన్ విన్నంత మాత్రాన నమ్మొద్దు, దాన్ని ఎవరైనా పలకగలరు. పెద్ద కబురు ఏదైనా రెండో దారిలో సరిచూడండి. "గేట్లు తెగాయి", "ఊరు ఖాళీ చేయండి" లాంటివి వస్తే ఆ స్టేషన్‌ను మీరే తిరిగి పిలిచి, సందేశం నంబరు, సంతకం చేసిన అధికారి హోదా అడగండి. మన వాలంటీర్ల సందేశాలకు వరస నంబర్లు ఉంటాయి. 14 తర్వాత 31 వచ్చిందంటే ఏదో తేడా. ప్రతి నెలా కలుస్తుంటే గొంతు గుర్తుపడతారు, అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు అదే. అనుమానం ఉన్న కబురును ముందుకు పంపొద్దు, వాదనా పెట్టుకోవద్దు. టైము, ఫ్రీక్వెన్సీ రాసి అధికారికి ఇవ్వండి.

## ఆపద రోజున

తెలుగులో మాట్లాడొచ్చా, ఇంగ్లీషే మాట్లాడాలా?

తెలుగులో హాయిగా మాట్లాడండి. కాకపోతే రేడియో మీద మన తెలుగుకు కొన్ని చిక్కులున్నాయి. నాకు బుద్ధొచ్చిన రోజు చెప్తాను.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ప్రాక్టీసు. చెరువు కట్ట మీద నిలబడ్డ కుర్రాడు "కట్ట తెగలే" అన్నాడు. మనం ఇంట్లో అనేదే, తెగలేదని. ఆ "లే" మీద సరిగ్గా ఒక చిటపట. అవతల రాసుకునే అక్క "కట్ట తెగ..." వరకు విని, మిగతాది ఊహించి "తెగింది" అని రాసింది. పది నిమిషాల్లో ప్రాక్టీసు కాగితాల మీద మూడు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కుర్రాడి తప్పు లేదు, అక్క తప్పూ లేదు. తెలుగులో కాదనే మాట చివర్న వస్తుంది, అక్కడే గొంతు తగ్గుతుంది, బటన్ వదిలేదీ అక్కడే. ఆ రోజు నుంచి మా దగ్గర "లేదు", "కాదు", "వద్దు"తో వార్త పంపడం బంద్. "కట్ట భద్రం" అనాలి. "రోడ్డు మూసుకుపోలేదు" కాదు, "రోడ్డు తెరిచి ఉంది". మాట అయ్యాక ఒక క్షణం ఆగి బటన్ వదలాలి.

అంకెలూ అంతే. గరగరలో ఇరవై, అరవై ఒకటే. మూడు, ఏడు కూడా. అందుకే "అరవై మంది, ఆరు-సున్న" అని విడదీసి చెప్పాలి. ఇక ఊరి పేర్లు. కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి? మండలం పేరు లేకుండా ఊరి పేరు, గ్రామ పంచాయతీ పేరు లేకుండా తండా పేరు పలకొద్దు. అక్షరం తెలియాల్సి వస్తే "అ అమ్మ, ఇ ఇల్లు" అని పెద్దబాలశిక్ష పద్ధతిలో చెప్పండి, ఎవరికైనా అర్థమవుతుంది.

సందేశం ఎలా రాయాలి? ఒక నమూనా ఇవ్వండి.

ముందు కాగితం మీద రాసి తర్వాతే బటన్ నొక్కండి. ఇలా ఉంటే చాలు:

"ఇది ప్రాక్టీసు. నంబర్ ఒకటి-నాలుగు. అత్యవసరం. సమయం పదహారు-ఇరవై, రెండు-సున్న. ఆర్డీవో దేవరకొండకు, డిండి మండల వాలంటీర్ బృందం నుంచి. వాగు అవతల మనుషులు ఇరవై రెండు, రెండు-రెండు. అందరూ క్షేమం. పడవ కావాలి, ఒకటి. గర్భిణి, ఒకరు. సందేశం పూర్తి. ఇది ప్రాక్టీసు."

అవతలివాడు మొత్తం తిరిగి చదవాలి. మీరు "సరి" అన్నాకే అది చేరినట్టు. "అర్థమైంది అన్నా" అంటే ఒప్పుకోవద్దు, చదివించండి. "ఇది ప్రాక్టీసు" అన్న మాట మొదటా చివరా ఎందుకంటే, మధ్యలో విన్నవాడు మీ డ్రిల్‌ను నిజమనుకుని ఊళ్లో దండోరా వేయిస్తాడు.

హ్యామ్‌లు ప్రభుత్వం సందేశాలు పంపొచ్చా? ఎవరు చెప్పాలి?

విపత్తు వేళ జిల్లా కలెక్టరు లాంటి అధికారులు కోరితే పంపొచ్చు, నియమాల్లో ఆ వెసులుబాటు ఉంది. వాన మొదలయ్యాక కలెక్టరేట్ గేటు దగ్గర సెట్టు పట్టుకుని నిలబడితే ఎవరూ లోపలికి రానివ్వరు, అది వాళ్ల తప్పూ కాదు. మే నెలలోనే లైసెన్సు కాపీలతో వెళ్లి విపత్తు నిర్వహణ చూసే సెక్షన్‌లో పరిచయం చేసుకోండి. ఆపదలో ఉన్నాం కదా అని పోలీసు చానల్ మీద దూరొద్దు.

ఏ ఫ్రీక్వెన్సీ మీద వెతకాలి?

ముందు మీ బృందం రాసిపెట్టుకున్నది. అక్కడ ఎవరూ లేకపోతే, ఆసియా ప్రాంతంలో అత్యవసరానికి గుర్తించిన 7.110, రాత్రయితే 3.600, దేశం బయటికైతే 14.300 మెగాహెర్ట్జ్. మాట్లాడే ముందు వినండి. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పే కంట్రోల్ స్టేషన్ పిలిచేదాకా ఆగండి.

సొరంగం లోపలికి రేడియో పనిచేస్తుందా?

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నాక ఈ ప్రశ్న రాని క్లాసు లేదు. కూలింది దాదాపు 14 కిలోమీటర్ల లోపల. బయటి సెట్టు మాట అంత లోపలికి పోదు, ఒక మలుపు తిరిగితేనే చచ్చిపోతుంది. సొరంగాల్లో తీగ ఫోను గానీ, పొడవునా సిగ్నల్ కార్చే ప్రత్యేక కేబుల్ గానీ ముందే వేసి ఉండాలి. మన పని సొరంగం నోటి దగ్గర నుంచి బయటి ప్రపంచానికి.

## ఆ తర్వాత

టీవీ వాళ్లు, ఊరివాళ్లు ఏం విన్నారో చెప్పమంటే?

చెప్పొద్దు. మీది కాని సందేశం విన్నా, మోసినా బయటపెట్టకూడదు. కంట్రోల్ రూమ్ నంబర్ ఇచ్చి పంపండి. మేనమామ అడిగినా అంతే.

లాగ్ పుస్తకం (రేడియోలో ఎప్పుడు, ఎవరితో మాట్లాడామో రాసేది) ఎన్నాళ్లు దాచాలి?

ఏడాదికి తక్కువ కాకుండా. పెన్సిల్‌తో రాయండి, తడిస్తే జెల్‌పెన్ ఇంకు చెదురుతుంది. కొట్టేసిన మాట చెరపొద్దు, గీత కొట్టి పక్కన రాయండి.

ప్రాక్టీసు ఎప్పుడెప్పుడు?

నెలకోసారి ఆదివారం పొద్దున ఒక గంట, మూడు నెలలకోసారి రాత్రిపూట. రాత్రి ప్రాక్టీసుకు మెయిన్ ఆపేసి, టార్చ్ వెలుగులో చేయాలి. పోయినసారి నలుగురిలో ఇద్దరికి టార్చ్‌లో సెల్స్ లేవు, ఒకరికి బ్యాటరీ క్లిప్పు తుప్పు పట్టి ఊడొచ్చింది. రాబోయేది మృగశిర కార్తె తర్వాతి ఆదివారం. క్లిప్పులకు వ్యాజిలీన్ రాసి పట్టుకురండి.